పుష్యమాసంలో లెక్కపెట్టిన బండ్లు

మునిసిపల్ వార్తలు రాయడానికి కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. మీరు రాసిన పెద్ద వార్త ఏదని అడుగుతారు. పెద్దదంటూ ఏదీ లేదు. నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వని వార్త మాత్రం ఒకటుంది. అది కార్లు నిలిపే చోటు ఎన్ని మీటర్లుండాలనే దాని గురించి. ఆ మాట చెప్పగానే వచ్చినవాళ్లు మర్యాదగా తల ఊపి, చేతిలో ఫోను చూసుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. నేనూ మొదట దాన్ని పావు కాలమ్ వార్త అనుకున్నవాణ్ణే.

రెండువేల సంవత్సరం తర్వాతి పదేళ్లలో నాగర్‌కర్నూల్, గద్వాల, వనపర్తి మూడు చోట్లా ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. అప్పుడు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలే. పొద్దున మునిసిపల్ ఆఫీసు, మధ్యాహ్నం ఠాణా, దవాఖాన, సాయంత్రం వార్తల కవరు మహబూబ్‌నగర్ బస్సు ఎక్కించడం. ఇందులో వచ్చే మనుషులెవరూ ఇప్పుడు ఆ చోట్లలో లేరు. పేర్లు కూడా మార్చాను. కాబట్టి రాయవచ్చనుకుంటున్నాను.

గద్వాలలో తిన్న దెబ్బ

గద్వాలలో ఉన్నప్పుడు ఒక సినిమా హాలుకు బండ్లు పెట్టుకునే చోటే లేదని రాశాను. హాలు ముందు రోడ్డు మీద స్కూటర్లు అడ్డదిడ్డంగా నిలబడి ఉంటే, ఎదురుగా హోటల్లో టీ తాగుతూ చూసి రాసిన వార్త అది. మర్నాడు హాలు మేనేజరు నా చెయ్యి పట్టుకుని వెనకవైపుకు తీసుకుపోయాడు. రేకుల కింద వరుసల కొద్దీ సైకిళ్లు, వాటి పక్కన స్కూటర్లకు వేరే వరుస, టోకెన్ ఇచ్చే మనిషి, అన్నీ ఉన్నాయి.

"సారూ, టీ తాగుకుంట రాసిన్రా, రాసినంక తాగిన్రా?" అన్నాడు.

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి శాస్త్రిగారు మహబూబ్‌నగర్ నుంచి ఫోను చేశారు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచరు. "చూడకుండా రాయడానికి నువ్వెందుకయ్యా? ఆ పని ఇక్కడ డెస్కులో మేమే చేసుకుంటాం కదా" అన్నారు. సవరణ వేశారు. ఆ సవరణ నాలుగు లైన్లే, కానీ గద్వాలలో ఆ నాలుగు లైన్లు చదవని మనిషి లేడేమో అనిపించింది.

అప్పటి నుంచి జేబులో టేపు, చేతిలో చిన్న నోటుపుస్తకం లేకుండా నేను బయటికి పోలేదు. బోరింగులు లెక్కపెట్టాను. వీధిదీపాలు లెక్కపెట్టాను. ప్రతి వార్తలో నేను స్వయంగా పట్టిన కొలతో, వేసిన లెక్కో ఉండేది. సంఖ్య ఉంటే ఇంక తప్పు ఉండదని నమ్మాను. ఆ నమ్మకంతోనే వనపర్తికి వచ్చాను.

కొలత కారుది కాదు, తలుపుది

వనపర్తి బజారు వీధిలో చెన్నయ్య సేటు మూడంతస్తుల బట్టల కాంప్లెక్సు కడుతున్నాడు. ఊళ్లో సెల్లార్ ఉన్న భవనాలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. రూలు ప్రకారం ఆ సెల్లార్‌లో పన్నెండు కార్లకు చోటు వదలాలి. ఒక్కో కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. సేటు అర్జీ పెట్టుకున్నాడు. పన్నెండు చోట్లూ ఉంచుతాను, కొలత మాత్రం రెండు మీటర్లకు నాలుగు మీటర్లుగా సడలించండి అని. అట్లా చేస్తే సెల్లార్‌లో మూడో వంతు ఖాళీ అవుతుంది. అక్కడ చిన్న దుకాణాలు వేసుకోవచ్చు.

సేటు మోసగాడు కాదు. దాచిపెట్టిందీ లేదు. "నువ్వే చెప్పన్నా, వనపర్తిల కార్లెన్నున్నయి? డాక్టర్లయి నాలుగు, కాలేజోళ్లయి రెండు. ఇగ మిగిలినోళ్లమంత మోటర్‌సైకిళ్ల మీదనే గద. హైదరాబాదు రూలు దెచ్చి నా నెత్తిన వెట్టిన్రు" అని నేరుగా అడిగాడు. నాకు న్యాయంగానే అనిపించింది.

మునిసిపాలిటీలో భవనాల ప్లాన్లు చూసే ఓవర్సీరు సత్తార్ సాబ్. ప్లాన్ కాగితం చదవడం నాకు నేర్పింది ఆయనే. సన్నగా, ఎప్పుడూ పాన్ నములుతూ ఉండేవాడు. ఆయన అర్జీకి ఒప్పుకోలేదు.

"కార్లు తక్కువున్నయి కదా సాబ్?" అన్నాను.

"కార్లెన్నున్నయన్నది వేరే బాత్ భాయ్. ఒక్కటే కారున్నా అది పట్టాలె. కొలత కారుకు కాదు, తలుపుకు. కారు లోపలికి వోతది. తలుపు తెర్చుకుంటెనే గద మనిషి దిగేది. పక్కన పిల్లరుందంటే ఖేల్ ఖతం."

ఈ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను. వార్తలో పెట్టలేదు. అందులో సంఖ్య లేదు కదా.

సంఖ్య నేను తయారు చేశాను. పుష్యమాసంలో వారం రోజులు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆ కాంప్లెక్సు ఎదురుగా నిలబడి బజారు వీధికి వచ్చిన ప్రతి బండినీ రాసుకున్నాను. కార్లు, జీపులు అన్నీ కలిపినా ఒక్క పూట కూడా ఒకేసారి మూడుకు మించి నిలబడలేదు. ఒక రోజయితే ఒక్కటీ రాలేదు. "హైదరాబాదు కొలతలు వనపర్తికా?" అని శీర్షిక పెట్టి పంపాను. జిల్లా పేజీలో పైన వేశారు. శాస్త్రిగారు ఫోను చేసి "ఇదీ వార్తంటే" అన్నారు. మునిసిపల్ కౌన్సిల్లో ఒక సభ్యుడు ఆ పేజీ పైకెత్తి చూపించాడు. సడలింపు ఇవ్వవచ్చని తీర్మానం ప్రభుత్వానికి పోయింది, పైనుంచి అనుమతి వచ్చింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సేటు దగ్గర నేను టీ కూడా తాగలేదు. నన్నెవరూ కొనలేదు, ఎవరూ భయపెట్టలేదు. కొనుక్కున్న వార్త తప్పయితే కనీసం కారణం ఉంటుంది. నా దానికి ఆ సౌకర్యం లేదు.

పెండ్లి కారు

కాంప్లెక్సు వైశాఖంలో తెరుచుకుంది. ఎదురుగా రోడ్డు అంచున, మురికికాలువ బండల మీద, జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లు నలుగురు వరుసగా కూర్చునేవాళ్లు. చివరి పొయ్యి కుర్మమ్మది. నలభై దాటిన మనిషి. పెండ్లయిన నాటి నుంచి గుంపుతో పోయి ఊరుగాని ఊళ్లలో కాలువలు తవ్విన మనిషి. మోకాలు దెబ్బతిన్నాక నాలుగేళ్లుగా ఇక్కడే ఉండి రొట్టెలు చేసుకుంటోంది. భర్త మాత్రం ఇంకా గుంపుతో పోతాడు. సాయంత్రం బస్సుకు కవరు ఎక్కించి నేను రొట్టె తినేది ఆమె దగ్గరే.

వైశాఖంతో పాటు పెండ్లిళ్లు, వాటితో పాటు వలసపోయిన గుంపులు వచ్చాయి. హైవే మీద కొత్తకోటలో దిగినవాళ్లు దిగినట్టే జీపుల్లో, ఏడు సీట్ల ఆటోల్లో బజారు వీధికి వచ్చేవాళ్లు. మొదటి వారంలోనే ఒక పెండ్లివాళ్ల కారు సెల్లార్‌లోకి పోయింది. నేను మెట్ల దగ్గరే ఉన్నాను. కారు గీతల మధ్య చక్కగా నిలబడింది. ఒకవైపు పిల్లరు, ఇంకోవైపు పక్క కారు. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది.

"అద్దం దించి అండ్లకెల్లి రా పెద్దమనిషీ" అన్నాడు వాచ్‌మన్.

వెనక సీట్లో పెండ్లికూతురి మేనమామ, కొత్త ధోవతి, భారీ మనిషి. "నేను బట్టలకొచ్చిన్నా, సర్కస్‌కొచ్చిన్నా? ఇందులకెల్లి నేనొస్తె పిల్ల పెండ్లికి అద్దమే మిగలదు. వెనక్కి తియ్యిర" అన్నాడు డ్రైవర్‌తో. మెట్ల మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. కారు వెనక్కి వచ్చి రోడ్డు మీద నిలబడింది.

ఆ తర్వాత సెల్లార్‌లోకి దిగిన బండి నేను చూడలేదు. అన్నీ రోడ్డు మీదే. రెండు వారాల్లో వీధి నడవడానికి లేకుండా అయింది. దుకాణాలవాళ్లు ఫిర్యాదు చేశారు. మునిసిపాలిటీ, పోలీసులు కూర్చుని రోడ్డు అంచున బండ్లకు గీతలు గీయాలని నిర్ణయించారు. ఒక పొద్దున సత్తార్ సాబ్ ఇద్దరు మనుషులతో సున్నం పట్టుకుని వచ్చాడు.

"ఒక్కో బండికి ఎంత ఇస్తున్నరు సాబ్?"

"రెండున్నర, అయిదు. పూరా కొలత." పాన్ ఉమ్మి నా వైపు చూశాడు. "సెల్లార్‌ల తక్కువ చేసింది ఈడ తెచ్చి ఇస్తున్నం భాయ్."

చివరి గీత కుర్మమ్మ పొయ్యి మీదుగా పోయింది. సున్నం పోసే మనిషి పొయ్యి చుట్టూ తిరిగి అవతల మళ్లీ మొదలుపెట్టాడు. రంగు వచ్చే సోమవారం వేస్తారని, అప్పటికి నలుగురూ లేవాలని చెప్పారు.

తాళాలు వేసిన ఇండ్లు

నేను పరామర్శకు పోయినట్టు ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె పిండి పిసుకుతూనే ఉంది.

"సేటును అడిగినం సారూ, నీ అడుగున అంత జాగ వెట్టుకొని మా పొయ్యి మీదికి బండ్లెందుకని. తప్పు నాది కాదు, పేపరోళ్లే లెక్కవెట్టి చెప్పిండ్రు అన్నడు. ఏ పేపరోళ్లు?"

"నేనే కుర్మక్కా."

ఆమె చెయ్యి ఆగింది. "ఎప్పుడు వెట్టినవ్?"

"పుష్యమాసంల."

"పుష్యంల పెండ్లిండ్లుంటయా? పుష్యంల మావోళ్లు ఊళ్లె ఉంటరా?" గట్టిగా కూడా అనలేదు. "తాళాలేసిన ఇండ్ల ముంగల నిలవడి మనుషుల లెక్కవెట్టినట్టుంది సారూ నీ పని."

మాది లింగాల దగ్గరి పల్లె. పుష్యంలో మా వాడలో సగం ఇండ్లకు తాళాలుంటాయి. ఆ ఏడు మా చిన్నాయన ఇంటి తాళంచెవి కూడా మా ఇంట్లోనే గూట్లో ఉంది. ముంబై విలేకరి ఈ తప్పు చేస్తే క్షమించవచ్చు. పాలమూరులో పుట్టి, వలస మీద ఏటేటా వార్తలు రాస్తూ, మనుషులు లేని నెలలో పట్టణానికి వచ్చే బండ్లను లెక్కపెట్టాను. నా లెక్కలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

"లేపితే ఏం చేస్తవ్ కుర్మక్కా?"

"ఏం జేస్త. కర్ణాటక దిక్కు కాలువ పనికని మేస్త్రి పేర్లు రాస్తుండు. ఐతారం దాంక ఆగుమన్న. గా మోకాలు వట్టుకొని మట్టి మోసుడు నాతోని కాదు, గని పొయ్యి లేకుంటె ఈడ ఉండుడెట్ల?" రొట్టె పెనం మీద వేసింది. "నాల్గేండ్లాయె సారూ, నా గడపల నేను పండుకోవట్టి. గా ముచ్చట నీకు తెల్వదు."

దొంగచాటు వార్త

ఆ రోజు మంగళవారం. శాస్త్రిగారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. నా లెక్క తప్పని రాస్తానన్నాను.

"మన వార్త తప్పని మనమే రాసుకోవాలా? గద్వాలలో ఒకసారి అయింది చాలు. కొత్త వార్తగా రాయి. పార్కింగ్ కష్టాలు, పొట్టకూటి కష్టాలు, ఏదో ఒకటి. పాతదాని ఊసెత్తకు."

ఆయన చెడ్డవాడు కాదు. నాకు తెలిసిన ఎడిటర్లలో వాక్యం బాగు చేయడంలో ఆయనంతటివాడు లేడు. కానీ పత్రిక పరువు, పత్రిక మాట రెండూ ఒకటేననుకునే తరం. నేను ఆయనతో వాదించలేదు. వాదించకపోవడాన్ని అప్పుడు వినయం అనుకున్నాను, అది పిరికితనం. చెప్పినట్టే రాశాను. కార్లు పట్టని సెల్లార్ గురించి, లేవగొట్టబోతున్న పొయ్యిల గురించి బాగానే రాశాను. గురువారం వచ్చింది.

శుక్రవారం ఆ పేజీ పట్టుకుని మునిసిపల్ కమిషనర్ దగ్గరికి పోయాను. కుర్రవాడు, కొత్తగా వచ్చాడు, చురుకైనవాడు. నేను చెప్పిందంతా విని సేటు ఫైలు తెప్పించాడు. అర్జీ, ప్లాన్, తీర్మానం, వాటి వెనక నీటుగా కత్తిరించి అట్టకు అంటించిన నా పుష్యమాసం వార్త. అనుబంధం మూడు అని పైన రాసి ఉంది.

"మీ పత్రికే వారం రోజులు లెక్కపెట్టి బండ్లు లేవంది. మీ పత్రికే ఇప్పుడు బండ్లకు చోటు లేదంటోంది. ఇందులో నేను దేన్ని నమ్మాలి? ఫైల్లో ఉన్నది ఇదొక్కటే" అన్నాడు.

నా వార్తను నేను అట్లా ఫైలులో ఎప్పుడూ చూసుకోలేదు. పేపరు మర్నాటికి పొట్లాలు కట్టుకోవడానికి పోతుందని మనం అనుకుంటాం. అన్నీ పోవు. కొన్ని దారంతో కుట్టి దాచిపెడతారు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడే చెప్పాల్సింది ఉంది. తప్పును ఒప్పుకోకుండా దిద్దాలని చూశాను. అట్లా దిద్దితే పాత అబద్ధం అక్కడే ఉంటుంది, దాని పక్కన కొత్త నిజం ఒకటి చేరుతుంది, చదివేవాడు రెండింటినీ నమ్మడు.

అనుబంధం నాలుగు

బయట బెంచీ మీద కూర్చుని తెల్లకాగితం మీద రాశాను. ఫలానా వార్తలోని లెక్క నేనే వేశాను. పుష్యమాసంలో వేశాను. ఆ నెలలో పెండ్లిళ్లు ఉండవు, చుట్టుపక్కల పల్లెల జనం పనులకు పోయి ఉంటారు, కాబట్టి ఆ లెక్క ఈ పట్టణానికి వర్తించదు. సంతకం చేసి, ఇన్‌వార్డులో ముద్ర వేయించి, కమిషనర్ ముందు పెట్టాను. పత్రిక అనుమతి తీసుకోలేదు.

ఆయన రెండుసార్లు చదివాడు. "దీనివల్ల మీకు ఇబ్బంది కాదా?"

"అవుతుంది సార్. దాన్ని ఫైల్లో పెట్టండి. సాయంత్రం పూట మీరే వచ్చి ఒకసారి చూడండి."

శుక్రవారం సాయంత్రం, శనివారం రెండు పూటలూ సత్తార్ సాబ్, నేను మళ్లీ లెక్కపెట్టాం. ఈసారి నేను బండ్లు రాస్తే ఆయన తలుపులు రాశాడు, ఏ బండి తలుపు తెరవడానికి ఎంత జాగా కావాలో. శనివారం సాయంత్రం కమిషనర్ వచ్చాడు. వీధి మొదట్లో జీపు దిగి నడిచి రావాల్సి వచ్చింది, జీపు ముందుకు కదల్లేదు. సెల్లార్‌లోకి దిగి ఖాళీ గీతలను చూశాడు. పైకి వచ్చి సున్నం గీతలను చూశాడు. అక్కడికక్కడే రెండు మాటలు చెప్పాడు. రోడ్డు మీద రంగు వేయవద్దు. సడలింపు మీద ప్రభుత్వానికి తిరిగి రాసేదాకా సెల్లార్ దుకాణాలకు అనుమతి ఇవ్వవద్దు, వాటి కోసం లోపల కట్టిన గోడలు తీసి గీతలు పూర్తి కొలతకు మార్చాలి.

చెన్నయ్య సేటు అంతా విన్నాడు. కమిషనర్ పోయాక నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"నీ లెక్క నమ్మి గోడలు లేపిన అన్నా. అడ్డగోలుగ కట్టలే, అడిగి కట్టిన. ఇప్పుడు గా గోడలు కూలగొట్టుమంటుండు. నేనేం తప్పు జేసిన, జర చెప్పు."

ఆయన చేసిన తప్పు ఏమీ లేదు. ఆ గోడలు ఏడాది దాటాక కూల్చాడు. ఆ తర్వాత నేను ఎదురుపడితే నమస్తే పెట్టేవాడు, అంతే. శాస్త్రిగారికి కాగితం సంగతి మూడు రోజుల్లో తెలిసింది. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. నా వార్తలు సింగిల్ కాలమ్‌లో, పేజీ అడుగున, చాలా కాలం వచ్చాయి.

ఐతారం

ఆదివారం పొద్దున్నే కుర్మమ్మ దగ్గరికి పోయాను. ఇంకా పొయ్యి ముట్టించలేదు. మేస్త్రి ఎదురుగా మోటర్‌సైకిల్ మీద ఒక కాలు నేల మీద పెట్టి, పేర్ల కాగితం తొడ మీద పెట్టుకుని ఉన్నాడు.

"ఏమన్నడు కమిషనర్ సారు?" అంది ఆమె.

"రంగు వేయరు. నీ జాగ నీదే."

ఆమె మేస్త్రి వైపు తిరిగి, "నేను రానే నర్సింలూ. నా పేరు కొట్టెయ్యి" అంది.

"మల్ల అడిగితె దొరకదు వదినా."

"దొరకకపోతె మంచిదే."

అతను పేరు కొట్టేసి బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. ఆమె పుల్లలు పేర్చి పొయ్యి ముట్టించింది. నేను నోటుపుస్తకం తీశాను. వార్త చేతిలో ఉంది. మునిసిపాలిటీ వెనక్కి తగ్గింది, పొయ్యి వెలిగింది, ఆమె మాట రెండు లైన్లు, ఒక ఫోటో. మొదటి వార్త తప్పని కూడా అందులోనే రాసేద్దాం, శాస్త్రిగారు వేస్తే వేస్తారు, లేకపోతే లేదు. ఎన్నో నెలల తర్వాత నా చెయ్యి ఆత్రంగా కదిలింది.

"ఏం రాస్తుండవ్?"

"నీ గురించే కుర్మక్కా. నీ జాగ నీకు దక్కిందని."

"రాయకు సారూ."

"ఎందుకు? మంచి వార్తనే కదా."

"మంచిదో చెడ్డదో నాకు తెల్వదు. నువ్వు రాస్తె నలుగురు సదువుతరు. సదివినోడు చూడనీకి వస్తడు. చూసినోడు టేపు వట్టుకొని కొలుస్తడు." పెనం మీద నీళ్లు చల్లి చూసింది, చుయ్యిమంది. "ఇన్నేండ్లు ఎవరికి కండ్లవడకనే ఈడ కూసున్న. అట్లనే ఉండనియ్యి."

నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం వనపర్తి నుంచి మహబూబ్‌నగర్ బస్సులో పోయిన కవరులో రెండే వార్తలు ఉన్నాయి. ఒకటి వానలు ఆలస్యమవుతున్నాయని, ఇంకోటి పాలిటెక్నిక్ దరఖాస్తుల గడువు గురించి.